మనిషి తీరుకు కొలబద్ద
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతసేపూ డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడుకున్నాం. వాటి తరువాత నాకిచ్చిన అంశం పేరు వింటేనే కొందరికి కునుకు రావచ్చు. మూర్తిమత్వాన్ని అంచనా వేసే ప్రశ్నావళిని ఎలా తయారుచేస్తారు, అది సరైనదేనని ఎలా తేలుస్తారు అన్నది అంశం. కళాశాలలో మనస్తత్వశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక నాకీ మాటలు అలవాటు. మీకెందుకయ్యా అంటే, ఇప్పుడీ ప్రశ్నావళులు తరగతి గది దాటి మన ఇళ్ళలోకి వచ్చేశాయి. సెల్‌ఫోను తెరిస్తే చాలు, పది ప్రశ్నలకు జవాబివ్వండి, మీ వ్యక్తిత్వం ఏమిటో చెబుతామంటారు. కొన్ని ఆసుపత్రుల్లో డాక్టరుగారి గదిలోకి వెళ్ళేముందే ఒక కాగితం చేతికిస్తారు. కళ్ళజోడు మరిచిపోయిన నాన్నగారి తరఫున కొడుకో కోడలో కూర్చుని గబగబా టిక్కులు పెట్టేస్తారు. ఆ టిక్కులు కూడితే వచ్చిన అంకె ఆ పెద్దాయన మీద ముద్రలా పడుతుంది. ఆ అంకె ఎక్కడినుంచి పుట్టింది, దానికి ఎంత విలువ ఇవ్వాలి అన్నది తెలుసుకోవడం పెన్షన్ లెక్క తెలుసుకోవడం కన్నా తక్కువ అవసరమేమీ కాదు.

నిజానికి వ్యక్తిత్వ పరీక్ష మనకు కొత్త కాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏటా ఒకటి జరిగేది. అయితే అది మనం రాసింది కాదు, మన మీద పైవారు రాసింది. అదే సి.ఆర్., కాన్ఫిడెన్షియల్ రిపోర్టు. నిజాయితీ, చొరవ, తోటివారితో మెలగే తీరు అంటూ గడులుండేవి. ఒకే గుమాస్తాకు ఒక ఆఫీసరు 'వెరీ గుడ్' వేస్తే, మరుసటి ఏడు బదిలీ మీద వచ్చిన ఇంకో ఆఫీసరు 'సంతృప్తికరం' అని ఊరుకునేవాడు. గుమాస్తా మారలేదు, పెన్ను పట్టిన చెయ్యి మారింది. కొలత ఇలా చెయ్యి మారినప్పుడల్లా మారితే దాన్ని విశ్వసనీయత లోపం అంటాం. ఇక నిజాయితీ గడిలో ఆఫీసరు కొలిచింది మన నిజాయితీనా, తనపట్ల మనకున్న విధేయతనా అన్నది రెండో సంగతి. దేన్ని కొలుస్తున్నామని చెబుతున్నారో దాన్నే కొలుస్తున్నారా అన్న ఈ ప్రశ్నకు మా శాస్త్రంలో సప్రమాణత అని పేరు. ఈ రెండు మాటలు గుర్తుంటే చాలు, మిగిలినదంతా వాటి వివరణే. 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు, సి.ఆర్.లో రాసిన ప్రతి ముక్కా ఉద్యోగికి తెలియజేయాలని తీర్పు చెప్పింది. 2009లో కేంద్ర ప్రభుత్వం దాని పేరే మార్చి ఏ.పి.ఏ.ఆర్. అన్నది. ఆ మేలు అందేసరికి మనలో చాలామంది సన్మానం శాలువాలు కప్పించుకుని ఇళ్ళకు చేరిపోయారనుకోండి, అది వేరే మాట.

ఒకరు మన మీద రాయడం కాకుండా, మన గురించి మనమే జవాబిచ్చే ప్రశ్నావళి పుట్టి వందేళ్ళు దాటింది. అమెరికా 1917లో మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగినప్పుడు, ఫిరంగుల మోతకు మనసు చెదిరిపోయే సైనికులను ముందుగానే పోల్చుకోవాలని రాబర్ట్ వుడ్‌వర్త్ అనే ఆయన 116 ప్రశ్నల కాగితం తయారుచేశాడు. అవును, కాదు అని జవాబిస్తే చాలు. కాగితం సిద్ధమై వాడుకలోకి వచ్చే లోపలే యుద్ధం ముగిసిపోయింది. ఆ తరువాత చాలా వచ్చాయి గాని, అన్నిటికన్నా పేరు పడినది మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో హాథవే అనే మనస్తత్వవేత్త, మెకిన్లీ అనే వైద్యుడు కలిసి తయారుచేసి 1943లో ప్రచురించినది. ఎం.ఎం.పి.ఐ. అంటారు. అయిదు వందల పైచిలుకు వాక్యాలు అందులో. దాని కథలో ఒక ముచ్చట ఉంది, అది మీకు తప్పక చెప్పాలి.

మనోవ్యాధి ఉన్నవారు ఒక వాక్యానికి ఎలా జవాబిస్తారో చూడడానికి ఆసుపత్రిలో రోగులున్నారు. మరి ఏ రోగమూ లేని మామూలు మనుషులు ఎలా జవాబిస్తారో తెలియాలి గదా, వాళ్ళను ఎక్కడినుంచి తేవాలి? అదే విశ్వవిద్యాలయ ఆసుపత్రికి రోగులను చూసిపోవడానికి వచ్చిన చుట్టాలు, స్నేహితులు దొరికారు. మన గాంధీ ఆసుపత్రిలోనో కె.జి.హెచ్.లోనో క్యారేజీ చేతిలో పెట్టుకుని వార్డు బయట బెంచీ మీద కూర్చుంటారే, అలాంటివాళ్ళు. అలా ఏడు వందల మందికి పైగా జవాబులు తీసుకున్నారు. వారిలో సగటు మనిషి ముప్పై అయిదేళ్ళవాడు, పెళ్ళయినవాడు, ఎనిమిదో తరగతి దాకా చదివినవాడు, పల్లెటూరివాడో చిన్న ఊరివాడో. 1989లో సవరించిన రూపం వచ్చేదాకా, నాలుగు దశాబ్దాలకు పైగా ఆ పరీక్ష రాసినవారందరినీ ఆ ఆసుపత్రి బెంచీల మీది చుట్టాలతోనే పోల్చి, నువ్వు మామూలువాడివి, నువ్వు కాదు అని తేల్చారు. తయారుచేసినవారు గట్టివారే, శ్రద్ధగానే చేశారు. కాని 'మామూలు' అన్న మాటకు అర్థం ఆకాశంలోంచి ఊడిపడదు. ఎవరో కొందరు మనుషుల జవాబుల నుంచి వస్తుంది. ఆ కొందరు ఎవరు అన్నది ప్రతి ప్రశ్నావళినీ మనం అడగవలసిన మొదటి ప్రశ్న.

'నేను ఆ పరీక్ష రాశానండీ, నా గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పింది' అని ఎవరైనా అంటే వెంటనే నమ్మకండి. 1948లో అమెరికాలో బెర్ట్రమ్ ఫోరర్ అనే ప్రొఫెసరు తన తరగతిలో 39 మందికి ఒక వ్యక్తిత్వ పరీక్ష పెట్టాడు. వారం తరువాత ఒక్కొక్కరికీ విడివిడిగా, 'ఇది నీ ఫలితం' అని కాగితం ఇచ్చాడు. అది ఎంత సరిగా ఉందో అయిదుకు మార్కులు వెయ్యమన్నాడు. సగటున 4.26 వేశారు. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకే కాగితం! అందులోని వాక్యాలను ఆయన ఎక్కువగా దుకాణంలో అమ్మే జ్యోతిషం పుస్తకంలోంచి ఏరుకున్నాడు. మన వారఫలాలు చదివేవారికి ఇందులో ఆశ్చర్యపడవలసినదేమీ లేదు. కనుక చదివినవాడికి నచ్చడం అనేది రుజువు కాదు.

ఇక అసలు విషయంలోకి వస్తాను. పాత ప్రశ్నావళులు మనిషిది ఏ రకం అని అడిగేవి. అంతర్ముఖుడా, అనుమానపు మనిషా, అలాగన్నమాట. గత పది పన్నెండేళ్ళలో ఆలోచన కొంత మారింది. అమెరికన్ మనోవైద్య సంఘం 2013లో వెలువరించిన తన అయిదో నిర్ధారణ గ్రంథంలో, పాత పది రకాల జాబితాను అలాగే ఉంచుతూ, పక్కన మరో పద్ధతిని కూడా ప్రతిపాదించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన పదకొండో రోగ వర్గీకరణలో అయితే పాత రకాల పేర్లను దాదాపుగా తీసేసి, ఇబ్బంది ఎంత తీవ్రంగా ఉంది అన్నదాన్నే ముఖ్యం చేశారు. అంటే వ్యక్తిత్వం ఏ రకమైనది అని కాకుండా, ఎలా పనిచేస్తోంది అని చూడడం. స్కూటరు ఏ కంపెనీదన్నది పక్కన పెట్టి, స్టార్టవుతోందా, బ్రేకు పడుతోందా, ఇంటిల్లిపాదినీ క్షేమంగా మోస్తోందా అని చూడడంలాంటిది. ఇది మంచి మార్పనే నా అభిప్రాయం.

అమెరికన్ సంఘం ప్రతిపాదనలో చూసేవి నాలుగు. తన గురించి తనకు స్థిరమైన ఎరుక ఉన్నదా, ఎవరో ఒక మాటంటే కుప్పకూలకుండా నిలబడగలడా అన్నది ఒకటి. తన బతుకును ఒక దారిలో నడుపుకోగలడా అన్నది రెండోది. ఈ రెండూ తనకు సంబంధించినవి. ఎదుటివాడి మనసులో ఏముందో, తన మాట వాడికెలా తగులుతుందో గ్రహించడం మూడోది. మనుషులతో కలకాలం నిలిచే దగ్గరితనం నిలుపుకోవడం నాలుగోది. ఇవి ఎదుటివారితో సంబంధించినవి. రిటైరైన మనిషికి ఈ నాలుగూ ఎంత దగ్గరివో చూడండి. ముప్పై ఏళ్ళు 'సూపరింటెండెంటు గారూ' అని పిలిపించుకున్న మనిషి మర్నాటి పొద్దున్నే కూరల సంచీతో రైతుబజారులో నిలబడితే, నేనెవరిని అన్న ప్రశ్న రాకుండా ఉంటుందా?

ఈ నాలుగింటినీ కొలవడానికి నెదర్లాండ్స్‌లో కొందరు పరిశోధకులు పన్నెండు వాక్యాల చిన్న ప్రశ్నావళి తయారుచేసి 2016లో ప్రకటించారు. ఒక్కొక్క అంశానికి మూడు వాక్యాలు. మొదట అవును, కాదు అనే రెండే జవాబులుండేవి. సవరించిన రూపంలో 'బొత్తిగా నిజం కాదు' మొదలు 'పూర్తిగా నిజం' వరకు నాలుగు మెట్లు పెట్టారు. ఒక్కో మెట్టుకు ఒకటి నుంచి నాలుగు మార్కులు, కనుక మొత్తం 12 నుంచి 48 మధ్య ఉంటుంది. ఎక్కువ వస్తే ఇబ్బంది ఎక్కువ అని. గమనించండి, ఇది వడపోతకు మాత్రమే. ఇందులో ఎక్కువ వచ్చినవారితో నిపుణుడు కూర్చుని వివరంగా మాట్లాడాలి. కాగితం తీర్పు చెప్పదు.

పన్నెండు వాక్యాలే కదా, మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుంటే తెలుగులో రాసెయ్యవచ్చు అనిపిస్తుంది. అక్కడే ఉంది తిరకాసంతా. అలాంటి వాక్యాలను తెలుగు చేసే పనిలో ఒకసారి కొందరు విద్యార్థులకు తోడుగా ఉన్నాను. పద్ధతి ఏమిటంటే, ఇద్దరు విడివిడిగా ఇంగ్లీషులోంచి తెలుగులోకి మార్చాలి. ఇద్దరివీ సరిచూసి ఒకటి చెయ్యాలి. అసలు ఇంగ్లీషు ప్రతిని చూడని మూడోమనిషి దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి తేవాలి. అది మొదటి ఇంగ్లీషుతో సరిపోతే గట్టెక్కినట్టు. మావి సరిపోయాయి. మహా ముచ్చటగా సరిపోయాయి. కాని తెలుగు వాక్యాలను పార్కులో పొద్దున నడకకు వచ్చే పెద్దలకు చదివి వినిపించి, 'మీకేమర్థమైందో మీ మాటల్లో చెప్పండి' అని అడిగితే అసలు రంగు బయటపడింది.

తన గురించి తనకు ఎరుక లేకపోవడాన్ని పట్టుకోవడానికి 'నేనెవరో నాకు తెలియదు' అనే వాక్యం ఉన్నదనుకోండి. ఒక పెద్దాయన చిరునవ్వు నవ్వి, 'పూర్తిగా నిజం నాయనా, అది తెలిస్తే ఇంకేం కావాలి, రమణ మహర్షి జీవితమంతా అడగమన్నది అదే గదా' అన్నారు. ఇంగ్లీషులో మానసిక దుర్బలత్వానికి గుర్తయిన వాక్యం తెలుగులో వేదాంతం అయి కూర్చుంది. ఆయనకు నాలుగు మార్కులు వేసి ఇబ్బంది ఉన్నదని రాసుకుందామా? తరువాత దగ్గరితనం గురించిన వాక్యం. విద్యార్థి 'దగ్గరి సంబంధాలు నిలుపుకోలేను' అని రాశాడు. ఒకావిడ వెంటనే, 'మాకు దగ్గరి సంబంధాలు చేసుకునే అలవాటు లేదు బాబూ, మేనరికాలు మంచివి కావని డాక్టర్లు చెబుతున్నారుగా' అంది. సంబంధం అంటే మనకు ముందు పెళ్ళి సంబంధమే గుర్తొస్తుంది మరి. జీవితంలో లక్ష్యాల గురించి అడిగితే, 'ఇంకా లక్ష్యాలేమిటండీ, పిల్లల పెళ్ళిళ్ళయ్యాయి, ఇల్లు కట్టాను, ఇక ఆ భగవంతుడు ఎప్పుడు పిలిస్తే అప్పుడు' అని తృప్తిగా చెప్పిన పెద్దలున్నారు. ఆ తృప్తిని దారీతెన్నూ లేనితనంగా లెక్కగట్టేది ఆ కాగితం.

జవాబుల మెట్లతోనూ చిక్కే. 'కాదు' అన్న మాట ఉన్న వాక్యానికి 'నిజం కాదు' అని జవాబివ్వాలంటే ఇద్దరిలో ఒకరు తికమకపడేవారు. పైగా మనవాళ్ళకు ప్రశ్న అడిగినవాడు చదువుకున్నవాడిలా కనిపిస్తే చాలు, 'అవునండీ' అనడం మర్యాద. సర్వీసంతా 'ఎస్సార్' అని వచ్చినవాళ్ళం గదా! అన్ని వాక్యాలూ ఇబ్బంది వైపే ఉంటే, మర్యాదస్థుడికి మార్కులు పెరుగుతాయి. ఆ డచ్చి ప్రశ్నావళిలో వాక్యాలన్నీ అలాగే ఒకవైపుకే ఉన్నాయి. ఇందుకు విరుగుడుగా కొన్ని ప్రశ్నావళుల్లో తిరగేసిన వాక్యాలు కలుపుతారు. మనిషి తనను మరీ మంచివాడుగా చూపించుకుంటున్నాడా అని పట్టుకునేందుకు ఎం.ఎం.పి.ఐ.లో ప్రత్యేకంగా పదిహేను వాక్యాలున్నాయి. నాకు అప్పుడప్పుడు కోపం వస్తుంది అన్న బాపతు మాటలకు వరసగా కాదంటూ పోతే, పరీక్ష చేసేవాడు జాగ్రత్తపడతాడు.

వాక్యాలు కుదిరాక తనిఖీ. విశ్వసనీయత తేల్చడానికి ఒక దారి, అదే మనిషికి రెండు వారాలు పోయాక మళ్ళీ ఇచ్చి చూడడం. వ్యక్తిత్వం అంత తొందరగా మారదు కనుక మార్కులూ దాదాపుగా అంతే రావాలి. ఇంకో దారి, ఒకే అంశానికి రాసిన వాక్యాలు ఒకదానితో ఒకటి కలిసి నడుస్తున్నాయా అని లెక్కగట్టడం. 1951లో లీ క్రాన్‌బాక్ వివరించిన ఆల్ఫా అనే లెక్క ఇందుకు వాడతారు. ఈ ఆల్ఫా 0.9 వచ్చిందని గొప్పగా రాసుకునేవారిని చూస్తే నాకు కొంచెం అనుమానమే. ఒకే వాక్యాన్ని మాటలు మార్చి అయిదుసార్లు అడిగినా ఆల్ఫా పెరుగుతుంది. వంటలో ఉప్పు సరిపోయిందా అని అయిదుగురిని కాకుండా ఒకరినే అయిదుసార్లు అడిగినట్టు.

సప్రమాణత తేల్చడం ఇంతకన్నా కష్టం. 1955లో క్రాన్‌బాక్, పాల్ మీల్ కలిసి రాసిన వ్యాసం ఈ విషయంలో ఇప్పటికీ దారిదీపం. కంటికి కనిపించని గుణాన్ని కొలుస్తున్నామన్నప్పుడు ఏ ఒక్క రుజువూ చాలదని దాని సారాంశం. ఆ గుణం నిజంగా ఉంటే ఏమేమి దానితోపాటు ఉండాలో, ఏమేమి ఉండకూడదో ముందే చెప్పి, ఒక్కొక్కటే పరీక్షించుకుంటూ పోవాలి. ఈ ప్రశ్నావళిలో ఎక్కువ మార్కులు వచ్చినవారిని, మార్కులు తెలియని నిపుణుడు విడిగా మాట్లాడి చూస్తే ఆయనకూ ఇబ్బంది కనబడాలి. చికిత్స తరువాత మార్కులు తగ్గాలి. చదువు తక్కువన్న కారణానికో, మోకాళ్ళ నొప్పులున్న కారణానికో మార్కులు పెరగకూడదు. ఒకసారి ముద్ర వేసి చేతులు దులుపుకునే పని కాదిది, ఏళ్ళ తరబడి సాగుతుంది. కొత్త భాషలోకి, కొత్త వయసువారి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా మళ్ళీ మొదలు.

వయసు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మనం పొరపాటుగా పట్టుబడేది అక్కడే. కుంగుబాటును కొలిచే పాత ప్రశ్నావళుల్లో నిద్ర పడుతోందా, ఆకలి ఉందా, అలసటగా ఉందా అని అడిగేవారు. డెబ్బై ఏళ్ళ మనిషికి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తే అది కుంగుబాటు కానక్కరలేదు, వయసే కావచ్చు. ప్రోస్టేటు కావచ్చు. అందుకని 1980లలో అమెరికాలో యెసావేజ్ అనే వైద్యుడు, ఆయన సహచరులు వృద్ధుల కోసం వేరే ప్రశ్నావళి తయారుచేశారు. వంద ప్రశ్నలతో మొదలుపెట్టి, పెద్దల జవాబులను బట్టి ముప్పై మిగిల్చారు. శరీర బాధలకు సంబంధించినవి అందులో నిలవలేదు. తరువాత దాన్నే పదిహేను ప్రశ్నలకు కుదించారు. వ్యక్తిత్వం విషయంలోనూ అంతే. 'నాకు దగ్గరి స్నేహితులు లేరు' అని ముప్పై ఏళ్ళవాడు అంటే ఒక అర్థం. ఎనభై ఏళ్ళాయన అంటే, స్నేహితులందరినీ తన చేతుల మీదుగా సాగనంపానని అర్థం. మనిషి తీరులో లోపం లేకుండానే వయసు వల్ల జవాబు మారితే, అది ప్రశ్నలోని లోపం. నిపుణులు ఇలాంటి ప్రశ్నలను లెక్కలు కట్టి ఏరేస్తారు. సెల్‌ఫోను ప్రశ్నావళులకు ఆ బాధ లేదు.

ఇప్పుడు చిన్న లెక్క ఒకటి. ఎకౌంట్సులో పనిచేసినవారు కాగితం తీయండి. ఇవి ఊహ అంకెలే సుమా. మన జిల్లాలో వెయ్యిమంది పెన్షనర్లున్నారు, వారిలో నిజంగా వ్యక్తిత్వ సంబంధమైన తీవ్ర ఇబ్బంది ఉన్నవారు 50 మంది అనుకుందాం. ప్రశ్నావళి మంచిదే. ఇబ్బంది ఉన్న నూటికి 80 మందిని పట్టుకుంటుంది, లేని నూటికి 80 మందిని వదిలేస్తుంది. 50 మందిలో 40 మంది దొరికారు. మిగతా 950 మందిలో నూటికి ఇరవై చొప్పున 190 మందిని కూడా ఉత్తపుణ్యానికి పట్టింది. అంటే మొత్తం 230 మందికి 'మీకు ఇబ్బంది ఉంది' అని చెబితే అందులో నిజం 40 మందికే. ఆరుగురిలో అయిదుగురి మీద తప్పుడు ముద్ర. అదే కాగితాన్ని ప్రత్యేక మనోవైద్యశాలలో, సగానికి సగం మందికి ఇబ్బంది ఉన్నచోట ఇస్తే, పట్టిన ప్రతి అయిదుగురిలో నలుగురు సరైనవారే. కాగితం ఒకటే, నాణ్యమూ ఒకటే. ఇచ్చిన చోటు మారింది. ఆసుపత్రిలో పనికొచ్చిన ప్రశ్నావళిని తెచ్చి వాట్సాప్ గ్రూపులో పంచితే జరిగేది ఇదే.

ఇదంతా పండితుల తగాదా అనుకోకండి. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఆస్తి పంపకం దగ్గర మాట వచ్చింది. తండ్రి ఇల్లు చిన్నకూతురి పేర విల్లు రాస్తానన్నాడు. పెద్దకొడుకు ఇంటర్‌నెట్టులో దొరికిన ఒక ప్రశ్నావళిని తండ్రి తరఫున తానే నింపి, ఆయన మనసు సరిగా లేదనడానికి ఇదే సాక్ష్యమని బంధువుల ముందు పెట్టాడు. ఆ పెద్దమనిషి ఎంత నొచ్చుకున్నాడంటే, నెల రోజులు గడప దాటలేదు. ఇలాంటిది ఎదురైతే రెండు సంగతులు గుర్తుంచుకోండి. మన గురించి మనం జవాబివ్వడానికి తయారైన ప్రశ్నావళిని ఇంకొకరు నింపితే దానికి విలువ లేదు. పక్కవారి అభిప్రాయం కావాలంటే దానికి వేరే ప్రశ్నావళులుంటాయి, అవి వేరే తనిఖీ అయినవి. రెండోది, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడో సెక్షను ప్రకారం, ఒక మనిషికి మానసిక వ్యాధి ఉన్నదని వైద్యులు నిర్ధారించినా సరే, కోర్టు ప్రకటిస్తే తప్ప, అంతమాత్రాన అతను మతి స్థిమితం లేనివాడని అర్థం కాదు. వైద్యుల నిర్ధారణకే అంత పరిమితి ఉంటే, కొడుకు పెట్టిన టిక్కుల మాట చెప్పాలా? మీ వైద్య వివరాలు గోప్యంగా ఉంచవలసిన బాధ్యత కూడా అదే చట్టం వైద్యుల మీద పెట్టింది.

అలాగని ఆసుపత్రిలో కాగితం ఇస్తే చింపెయ్యమని నేను చెప్పడం లేదు. మంచి ప్రశ్నావళి నిపుణుడి చేతిలో మంచి పనిముట్టు. నోటితో చెప్పుకోలేని సంగతి టిక్కు రూపంలో బయటపడిన సందర్భాలు ఎన్నో. కాగితం చేతికొచ్చినప్పుడు, ఇది తెలుగులో సరిచూసినదేనా, నా వయసువాళ్ళ మీద పరీక్షించినదేనా, దీన్ని చూసి నాతో మాట్లాడేది ఎవరు అని నెమ్మదిగా అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. అర్థంకాని వాక్యం ఉంటే ఖాళీ వదిలి, ఎందుకు వదిలారో పక్కన రాయండి. ఆ రాసిన ముక్క ఒక్కోసారి మార్కుల కన్నా ఎక్కువ చెబుతుంది.

ఇంకొకటి. జీవితమంతా నెమ్మదస్తుడైన మనిషి అరవై అయిదేళ్ళ తరువాత ఉన్నట్టుండి మారితే, నోటికొచ్చినట్టు తిడుతున్నా, డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెడుతున్నా, సిగ్గూబిడియం వదిలేసినా, అక్కడ వ్యక్తిత్వ ప్రశ్నావళితో కాలయాపన చెయ్యకండి. మెదడు ముందు భాగానికి వచ్చే మతిమరుపు జబ్బు అలాగే మొదలుకావచ్చు. థైరాయిడ్ కావచ్చు, బి-12 లోపం కావచ్చు, ఒంట్లో ఉప్పు తగ్గడం కావచ్చు, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర కావచ్చు. వీటిలో కొన్ని నయమయ్యేవి. ముందు వైద్యుడికి చూపించండి. 'ముసలాయనకు చాదస్తం పెరిగింది' అని ఇంట్లో నవ్వుకునేలోగా విలువైన నెలలు పోతాయి.

ప్రసంగం అయ్యాక వచ్చిన ప్రశ్నల్లో ఒకదానికి చెప్పిన జవాబును కూడా ఇక్కడ చేర్చమని సంపాదకులు కోరారు.

ఫ్యామిలీ పెన్షన్ మీద ఉన్న ఒక సోదరి లేచి, 'మా వారు పోయి ఎనిమిది నెలలైందండీ. నలభై ఏళ్ళు ఆయన వెనకాలే నడిచాను. ఇప్పుడు బ్యాంకులో సంతకం పెట్టమంటే నా పేరే నాకు కొత్తగా ఉంటోంది. మీరు చెప్పిన ఆ మొదటి వాక్యం నాకు పూర్తిగా నిజం. నాకూ ఆ జబ్బు ఉన్నట్టేనా?' అని అడిగారు.

లేదమ్మా. ఆ వాక్యం మీకు నిజమే కావచ్చు, దానికి మార్కులు వేసే హక్కు మాత్రం ఆ కాగితానికి ఇప్పుడు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ప్రకారం వ్యక్తిత్వానికి సంబంధించిన ఇబ్బంది అని చెప్పాలంటే, అది సుమారు రెండేళ్ళో అంతకు మించో నిలిచి ఉండాలి, బతుకులో చాలా సందర్భాలలో కనబడాలి. మీది ఎనిమిది నెలల దుఃఖం. దానికి పేరు దుఃఖమే. అయితే తిండి మానేసినా, రాత్రిళ్ళు బతకాలని లేదనిపించినా ఒంటరిగా కూర్చోకండి. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఫోను సేవ ఉంది. నంబరు 14416. డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనే మాట్లాడతారు. బ్యాంకు పనికి మన సంఘం నుంచి ఎవరినైనా తోడు పంపమని కార్యదర్శిగారికి అక్కడే చెప్పాను. ఆయన ఆవిడ పేరు, చిరునామా రాసుకున్నారు.